ఇంటికీ అంగడికీ ఎల్.ఇ.డి. దీపాలు

ప్రొద్దు గుంకిన తరువాత వరంగల్లు నుండి డోర్నకల్ వైపు పోయే రైలు నెక్కొండ స్టేషనులో ఆగినప్పుడు, కిటికీలో నుండి చూచేవారికి రెండు తరాల దీపాలు ఒకేసారి కనిపిస్తాయి. ప్లాటుఫారము మీద తెల్లని ఎల్.ఇ.డి. దీపాలు; దూరాన ఏ పాత ఇంటి వసారాలోనో, ఏ పశువుల కొట్టంలోనో, లోపలి తీగ ఎర్రగా కాలే పసుపుపచ్చని బల్బు. 1889లో సికింద్రాబాదు నుండి బెజవాడ వరకు ఈ రైలుమార్గం పూర్తి అయిన రోజులలో ఈ ప్రాంతపు పల్లెలకు తెలిసినవి ఆముదపు ప్రమిద, కిరసనాయిలు బుడ్డి. తరువాత కందిలి వచ్చినది, పెండ్లిండ్లకూ జాతరలకూ పెట్రోమాక్సు వచ్చినది, విద్యుత్తుతో బల్బు వచ్చినది, దాని వెనుక ట్యూబులైటు వచ్చినది. ఇప్పుడు ఎల్.ఇ.డి. వంతు.

వెనుకటి మార్పులన్నీ ఇతరుల చేతిలోనివి. ఊరికి స్తంభాలు వేసి తీగ లాగితేనే ఇంటికి కరెంటు వచ్చేది. ఈ మార్పు అట్లా కాదు. ఇది ఇంటి యజమాని, ఇల్లాలు, అంగడివాడు తమంత తాము అంగడికి పోయి చేసుకొనవలసిన మార్పు. కాబట్టి దీనిలో లాభమైనా నష్టమైనా మన తెలివిని బట్టి ఉంటుంది. ఎల్.ఇ.డి. దీపం మంచిదా, కాదా అన్న చర్చ ముగిసి చాలా కాలమైనది. నేడు మన ముందున్న ప్రశ్నలు రెండే: ఇంటిలోని దీపాలలో ఏది ముందు మార్చవలె? అంగడిలో వరుసగా పేర్చిన డబ్బాలలో ఏది కొనవలె?

ఈ ప్రశ్నల వెనుక ఎంత డబ్బు ఉన్నదో మొదట చూద్దాము. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన గృహజ్యోతి పథకం క్రింద, అర్హత గల కుటుంబానికి నెలకు 200 యూనిట్ల వరకు విద్యుత్తు ఉచితంగా లభిస్తున్నది. వాడకం 200 దాటితే, దాటిన నాలుగు యూనిట్లకే కాదు, ఆ నెల వాడిన మొత్తానికీ బిల్లు కట్టవలసి వస్తుంది. ఎండాకాలంలో పంకాలు, కూలరు, ఫ్రిజ్ కలిసి ఎన్నో ఇండ్లను ఈ గీత అంచుకు తెచ్చి నిలబెడతాయి. ఆ గీతకు ఇవతల ఆగడమా, అవతల పడడమా అన్నది తరచు దీపాల మీదనే ఆధారపడుతుంది.

ఒక సామాన్యమైన ఇంటిని ఊహించుకొని లెక్క వేద్దాము. వేయి వాట్ల పరికరం ఒక గంట పని చేస్తే ఒక యూనిట్ ఖర్చు అవుతుందన్నది మీకు తెలిసిన సూత్రమే. ఈ ఇంటిలో మూడు ట్యూబులైట్లు ఉన్నవి. ట్యూబు 36 వాట్లదే కాని, పాత పద్ధతి చోకు తినేది కూడా కలుపుకొంటే ఒక్కొక్కటి సుమారు 50 వాట్లు వాడుతుంది. అవి రోజుకు అయిదు గంటలు వెలుగుతాయి. వంటింటిలో, స్నానాల గదిలో 60 వాట్ల బల్బులు రెండు, నాలుగేసి గంటలు. వసారాలో మరొక 60 వాట్ల బల్బు, సందె వేళ నుండి తెల్లవారే దాకా, పదకొండు గంటలు. పడకగదిలో రాత్రంతా జీరో బల్బు. పేరుకే అది జీరో. పాత తరహా జీరో బల్బు నిజానికి 12 నుండి 15 వాట్లు తింటుంది.

ఇవన్నీ కలిపితే రోజుకు రెండు యూనిట్లు, నెలకు సుమారు 61 యూనిట్లు అవుతుంది. ట్యూబుల స్థానంలో 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబులు, బల్బుల స్థానంలో 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు, జీరో బల్బుకు బదులు అర వాటు దీపం పెట్టి అవే గంటలు వెలిగించితే నెలకు 14 యూనిట్లు చాలును. తేడా 47 యూనిట్లు. నెలకు 235 యూనిట్లు వాడే ఇల్లు 188కి దిగి వస్తుంది. అర్హత గల కుటుంబమైతే బిల్లు సున్న అవుతుంది. పంకా ఆపలేదు, ఒక్క గది చీకటి చేయలేదు. దీపాలు మార్చడమే జరిగినది.

అన్ని దీపాలూ ఒకేసారి మార్చడానికి చేతిలో డబ్బు లేని ఇండ్లు ఉంటాయి. అటువంటివారు గుర్తు పెట్టుకొనవలసిన నియమం ఒకటే: ఎక్కువ గంటలు వెలిగే దీపాన్ని ముందు మార్చవలె. పైన చెప్పిన వసారా బల్బునే తీసుకొనండి. అది నెలకు దాదాపు 20 యూనిట్లు తింటున్నది, ఎల్.ఇ.డి. అయితే 3 యూనిట్లు. యూనిట్ అయిదు రూపాయలని లెక్కకు తీసుకొంటే నెలకు 85 రూపాయలు మిగులుతాయి. నూరు రూపాయల బల్బు అయిదారు వారాలలో తన వెల తాను సంపాదించుకొంటుంది. ఇప్పుడు దేవుని గదిలో పావుగంట వెలిగే బల్బును చూడండి. దానిని మార్చితే నెలకు మిగిలేది రెండు రూపాయలు. నూరు రూపాయలు తిరిగి రావడానికి నాలుగేండ్లు పడుతుంది. ఒకే బల్బు, ఒకే వెల. ఒకచోట అయిదారు వారాలు, మరొకచోట నాలుగేండ్లు. మన ఇండ్లలో చాలామంది అందరికీ కనిపించే ముందుగదితో మొదలుపెట్టి, వెనుక వసారాను, పశువుల కొట్టాన్ని, మెట్ల క్రింది దీపాన్ని చివరకు వదులుతారు. మీటరు చూచేది అందాన్ని కాదు, గంటలను.

ఇంత తేడా ఎందుకు వస్తున్నది? పాత బల్బు వెలుగు ఇవ్వడానికి ముందు కాలవలె. సన్నని టంగ్‌స్టన్ తీగ మండే నిప్పువలె వేడెక్కితే, ఆ వేడి ప్రక్కన కొంత వెలుగు వస్తుంది. వాడిన విద్యుత్తులో నూటికి తొంభై పాళ్లకు పైగా వేడిగానే పోతుంది. ఎల్.ఇ.డి.లో కాలే తీగ లేదు. రెండు తీరుల అర్ధవాహక పదార్థాలను జోడించి, వాని గుండా విద్యుత్తు పంపితే, ఆ సంధి వద్ద ఎలక్ట్రానులు తమలోని శక్తిని నేరుగా కాంతిగా విడిచిపెడతాయి. కంటికి కనిపించే ఎర్రని ఎల్.ఇ.డి.ని అమెరికాలో నిక్ హోలోన్యాక్ 1962లో చేసి చూపినాడు. ఎరుపు, ఆకుపచ్చ వచ్చినా నీలం రాలేదు. నీలం లేకుండా తెలుపు లేదు. జపాను దేశీయులైన అకసాకి, అమానో, నకమురా 1990 ప్రాంతంలో ఆ నీలి కాంతిని సాధించినారు. నీలికాంతి ఇచ్చే బిళ్లపై పసుపు రంగు పూత పూయగా తెల్లని వెలుగు వచ్చినది. ఈ పనికే వారికి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించినది.

అదే 2014వ సంవత్సరం మన తెలుగునాట కూడా ఈ దీపానికి మేలుమలుపు. ఆ ఏడు ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాలలో పాత బల్బు ఇచ్చినవారికి పదేసి రూపాయలకు ఎల్.ఇ.డి. బల్బులు ఇచ్చినారు. ఆ అక్టోబరులోనే హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణాన్ని చీకటి చేసినది. తరువాత ఆ నగర వీధులలో సుమారు 90 వేల ఎల్.ఇ.డి. దీపాలు వెలిసినవి. 2015 జనవరిలో దేశమంతటా ఉజాలా అనే పేరుతో పంపిణీ సాగినది. ఆ పథకం క్రింద 36 కోట్లకు పైగా బల్బులు ఇండ్లకు చేరినవి. ఒకేసారి కోట్ల సంఖ్యలో కొనడం వలన, 2014లో ప్రభుత్వ సంస్థ 310 రూపాయలకు కొన్న బల్బు 2016 నాటికి 38 రూపాయలకు దిగినది. కొందరికే అందుబాటులో ఉన్న వస్తువు ఈ విధంగా కిరాణా కొట్టు సరుకు అయినది.

వెల దిగినది, దానితో పాటు నాసిరకమూ దిగినది. సంతలోను, తోపుడుబండ్ల మీదను పేరూ ఊరూ లేని బల్బులు ముప్పై నలభై రూపాయలకు దొరుకుతున్నవి. మూడు నెలలకు అవి మినుకుమినుకుమని ఆరిపోతే, కొన్నవారు ఎల్.ఇ.డి. అంటేనే మోసమని పాత బల్బుకు తిరిగి పోతున్నారు. కాబట్టి కొనేటప్పుడు చూడవలసిన గుర్తులు కొన్ని చెబుతాను.

మొదటిది, వాట్లను చూచి వెలుగును అంచనా వేయకండి. వాటు అనేది దీపం తినేది. అది ఇచ్చే వెలుగుకు కొలత ల్యూమెన్. 60 వాట్ల పాత బల్బు సుమారు 700 ల్యూమెన్లు ఇచ్చేది. మంచి 9 వాట్ల ఎల్.ఇ.డి. ఎనిమిది, తొమ్మిది వందలు ఇస్తుంది. ఒకే వాట్ల రెండు బల్బులలో డబ్బా మీద ఎక్కువ ల్యూమెన్లు ఉన్నదే మేలైనది. ల్యూమెన్ల సంఖ్య అసలే లేని డబ్బాను అక్కడనే పెట్టి రండి.

రెండవది, ముద్రలు. భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు గుర్తు, దాని క్రింద ఆర్ అనే అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉండవలె. ఇంధన పొదుపు సంస్థవారి నక్షత్రాల చీటీలో ఎన్ని నక్షత్రాలు ఎక్కువ ఉంటే అంత పొదుపు. అంగడివానిని రసీదు అడగండి; హామీ కాలం ఎంతో తెలుసుకొని, బల్బు అడుగున కొన్న తేదీని చెరగని సిరాతో వ్రాసి పెట్టండి. హామీ ఉన్నా తేదీ తెలియక, రసీదు దొరకక నష్టపోయేవారే ఎక్కువ.

మూడవది, వెలుగు రంగు. దీనిని కెల్విన్లలో వ్రాస్తారు. 2700 నుండి 3000 వరకు పాత బల్బువంటి వెచ్చని పసుపు, 4000 మధ్యరకం, 6500 పట్టపగటి తెలుపు. మనవారు తెల్లగా ఉంటేనే వెలుగు అనుకొని ఇల్లంతా 6500 పెట్టుకొంటారు. వంటింటికి, చదువుకొనే బల్లకు అది తగును. పడకగదికి, ముసలివారు విశ్రమించే చోటికి వెచ్చని రంగు హాయి. నిద్రకు ముందు నీలిపాలు ఎక్కువైన వెలుగు మంచిది కాదని వైద్యులూ చెబుతున్నారు.

నాలుగవది, కంటికి శ్రమ. కొన్ని చౌక దీపాలు కంటికి తెలియకుండానే సెకనుకు నూరుసార్లు మినుకుతూ ఉంటాయి. దీపం ఎదుట చేతిని వేగంగా ఆడించి చూడండి. చేయి ముక్కలు ముక్కలుగా, అనేక చేతులవలె కనిపిస్తే ఆ దీపం క్రింద పిల్లలను చదివించవద్దు.

రేడియో వినే ఇండ్లకు మరొక పరీక్ష ఉన్నది. ఎల్.ఇ.డి. బల్బు మెడలో విద్యుత్తును మార్చి ఇచ్చే చిన్న యంత్రాంగం ఉంటుంది. దానిని డ్రైవరు అంటారు. ఖర్చు తగ్గించడానికి దానిలోని వడపోత భాగాలను తీసివేసిన బల్బులు మీడియం వేవ్ ప్రసారాలలో గరగర పుట్టిస్తాయి. దీపం వేయగానే మీ రేడియోలో వార్తలు బురబురమని, ఆర్పగానే శుభ్రంగా వినిపిస్తే, దోషం రేడియోది కాదు, ప్రసారకేంద్రానిది అంతకన్నా కాదు. ఆ బల్బును మార్చండి.

ఇక అంగళ్ల మాట. ఇంటికన్నా అంగడికి యూనిట్ వెల ఎక్కువ. దీపాలు వెలిగే గంటలూ ఎక్కువ. కాబట్టి ఈ మార్పు వలన లాభం అంగడివానికే త్వరగా చేరుతుంది. పన్నెండు పాత ట్యూబులు రోజుకు పదకొండు గంటలు వెలిగే బట్టల దుకాణంలో ఎల్.ఇ.డి. ట్యూబులు పెడితే నెలకు సుమారు 119 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ తొమ్మిది రూపాయలని అనుకొంటే వేయి రూపాయలకు పైమాటే. ఒక్కొక్క ట్యూబు 250 రూపాయలైనా పెట్టుబడి మూడు నెలలలో తిరిగి వస్తుంది.

అయితే అంగడికి పొదుపుకన్నా ముఖ్యమైనది మరొకటి ఉన్నది. సరుకు రంగు ఉన్నది ఉన్నట్లు కనిపించవలె. దీనికి సి.ఆర్.ఐ. అనే కొలత ఉన్నది. పగటి వెలుగుకు నూరు. ఇంటికి 80 చాలును. రంగును చూచి బేరమాడే వ్యాపారానికి 90 ఉండడం మేలు. ఓరుగల్లు ప్రాంతపు చపాటా మిర్చి 2025లో భౌగోళిక గుర్తింపు పొందినది. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ అన్నదే దాని ప్రతిష్ఠ. అటువంటి సరుకును నాసిరకం తెల్లదీపం క్రింద పోస్తే ఎరుపు మాసి గోధుమ రంగు కనిపిస్తుంది. రైతు తెచ్చిన మంచి సరుకుకు దీపం వలన ధర తగ్గడం అన్యాయం. బట్టల దుకాణంలోనూ అంతే. లోపల మెరూన్ అనుకొని కొన్న చీర బయట ఎండలో మరొక రంగుగా కనిపిస్తే, ఆ కొన్నావిడ మళ్లీ ఆ గడప తొక్కదు.

పాత ట్యూబు పట్టీలోనే ఎల్.ఇ.డి. ట్యూబును బిగించేవారు ఒక జాగ్రత్త తీసుకొనవలె. చాలా రకాలకు చోకును, స్టార్టరును తొలగించి తీగలు మార్చి కలపవలసి ఉంటుంది. కొన్ని ట్యూబులకు ఒక కొసకే కరెంటు ఇవ్వవలె, కొన్నిటికి రెండు కొసలకు. డబ్బా మీది బొమ్మ చూడకుండా కలిపితే ట్యూబు కాలిపోవచ్చును, మనిషికి షాకు తగలవచ్చును. మెయిను ఆపి, పని తెలిసినవారిచేతనే చేయించండి. తొలగించిన పాత ట్యూబులలోను, సి.ఎఫ్.ఎల్. బల్బులలోను పాదరసం ఉన్నది. వానిని చెత్తకుప్పలో పగులగొట్టకండి, పిల్లలకు ఆటకు ఇవ్వకండి. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకొనేవారికి అప్పగించండి. పాదరసం గురించిన మినమాటా ఒప్పందం దేశాలు 2023లో సమావేశమై, ఫ్లోరసెంటు ట్యూబుల తయారీని 2027 నాటికి ముగించవలెనని నిశ్చయించినవి. అంటే నేడు కొత్తగా పాత తరహా ట్యూబు పట్టీ కొనడం ముందుచూపు లేని పని.

మంచి బల్బు కూడా కొన్ని ఇండ్లలో త్వరగా ఎందుకు పోతున్నది? డబ్బా మీద 25,000 గంటలని ఉంటుంది. రోజుకు అయిదు గంటల చొప్పున అది పదమూడేండ్లకు పైమాట. ఆ గడువు వెలుగునిచ్చే బిళ్లది. ముందుగా చెడేది డ్రైవరు. దానికి శత్రువులు వేడి, కరెంటు ఒడుదొడుకులు. గాలి ఆడని గాజు గిన్నెలో బిగించిన బల్బు తన వేడికి తానే చెడుతుంది. ట్రాన్స్‌ఫార్మరుకు దూరాన, లైను చివర ఉన్న ఇండ్లలో వోల్టేజి దిగడం, ఒక్కసారిగా ఎగరడం జరుగుతూ ఉంటుంది. అటువంటివారు ఎక్కువ వోల్టేజిని తట్టుకొనే రకమని డబ్బా మీద వ్రాసి ఉన్నదే కొనవలె. వదులైన హోల్డరు చిటపటమంటూ ఉంటే ఎంత ఖరీదైన బల్బు అయినా నిలువదు. పది బల్బులు కొనే ముందు ఒక హోల్డరు మార్చి చూడండి.

చివరగా ఊరుమ్మడి దీపాల గురించి ఒక మాట. వీధిదీపాల బిల్లు గ్రామపంచాయతీది. అనగా మన అందరిది. స్విచ్చి లేక పట్టపగలు వెలిగే వీధిదీపం ఎల్.ఇ.డి. అయినంత మాత్రాన పొదుపు కాదు. 2019లో తెలంగాణలో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమంలో వీధిదీపాలకు వేరుగా మూడవ తీగ, స్విచ్చి, మీటరు అమర్చడం ఈ కారణం చేతనే. మీ వాడలో పగలు వెలిగే దీపం ఉంటే స్తంభం ఎక్కకండి. పంచాయతీకి చెప్పండి, చెప్పి ఊరుకొనక తిరిగి అడగండి.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దల మాట. ఈ సాయంత్రం దీపాలు వేసే వేళకు ఒక కాగితం తీసుకొని, ఇంటిలోని ఒక్కొక్క దీపానికి ఎదురుగా అది ఎన్ని వాట్లదో, రోజుకు ఎన్ని గంటలు వెలుగుతుందో వ్రాయండి. ఆ రెండు అంకెలను హెచ్చవేసి చూడండి. ఏ దీపానికి ఎక్కువ వచ్చినదో దానిని ఈ నెలలో మార్చండి. తరువాతి దానిని వచ్చే నెలలో. కొనేటప్పుడు ల్యూమెన్లు, ముద్ర, రసీదు ఈ మూడూ అడగండి. నాలుగైదు నెలలలో ఇల్లంతా మారుతుంది. భారం ఒకేసారి పడదు, మొదటి దీపం మిగిల్చిన డబ్బుతోనే తరువాతి దీపాలు వస్తాయి.